జ్యూరీ డ్యూటీ ఉత్తరం వచ్చిందా? చెత్తబుట్టలో వెయ్యకండి

మెయిల్‌బాక్స్ తీస్తే పిజ్జా కూపన్లకీ క్రెడిట్ కార్డు ఆఫర్లకీ మధ్య కౌంటీ ముద్రతో ఒక కవరు కనిపిస్తుంది, దాని మీద జ్యూరీ సమన్స్ అని ఉంటుంది. మన ఊళ్లలో సమన్లు వచ్చాయంటే ఎవరో మన మీద కేసు వేశారనే అర్థం కాబట్టి ఆ మాట చూడగానే గుండె గుభేలుమనడం సహజం. ఇది అది కాదు. మీ మీద కేసేమీ లేదు. ఇంకెవరిదో కేసు నడుస్తోంది, దాన్ని విని తీర్పు చెప్పడానికి ఊళ్లోవాళ్లు కొందరు కావాలి, ఆ కొందరిలో మీరూ ఒకరు కావచ్చు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఈ ఉత్తరం విషయంలో రెండు తప్పులు చేయడం నేను చాలాసార్లు చూశాను. పౌరసత్వం లేనివాళ్లు మనకెందుకులే అని పారేస్తారు, లేదంటే సరిగ్గా చదవకుండా ఏదో ఒక గడిలో టిక్ పెట్టి పంపేస్తారు. పౌరసత్వం ఉన్నవాళ్లు దీన్ని ఎలా తప్పించుకోవాలా అని వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. రెండూ వద్దు. కవరు విప్పిన దగ్గర్నుంచి కోర్టు బయటికి వచ్చేదాకా ఏం చెయ్యాలో చెప్తాను. నేను ఉండేది టెక్సస్‌లో, కాబట్టి ఇక్కడి సంగతులు కాస్త ఎక్కువగా వస్తాయి. మీ రాష్ట్రంలో వివరాలు వేరుగా ఉంటే మీ సమన్స్ మీద రాసి ఉన్నదే మీకు లెక్క.

ముందు పౌరసత్వం సంగతి చూసుకోండి

జ్యూరీలో కూర్చోవాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. మరి హెచ్-1బి మీద ఉన్నవాళ్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ ఎందుకు వస్తుందంటే, చాలా రాష్ట్రాల్లో పేర్లు ఓటర్ల జాబితా నుంచే కాకుండా డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా తీస్తారు. నాకు మొదటిసారి వచ్చినప్పుడు నేను హెచ్-1బి మీదే ఉన్నాను. పారెయ్ అని రూమ్మేట్ సలహా. నేను మాత్రం ఫారంలో "అమెరికా పౌరసత్వం లేదు" అన్న గడిలో టిక్ పెట్టి, సంతకం చేసి, గడువులోపల పంపేశాను. అంతటితో అయిపోయింది. మీరూ అంతే చెయ్యండి, పంపినదానికి ఒక ఫొటో మాత్రం తీసి దాచుకోండి.

పౌరసత్వం ఉందని పొరపాటున కూడా టిక్ పెట్టకండి. లేని పౌరసత్వం ఉందని చెప్పుకోవడాన్ని ఇమిగ్రేషన్ చట్టం చాలా తీవ్రంగా తీసుకుంటుంది. రేపు గ్రీన్‌కార్డుకి అడ్డు రావచ్చు, దేశం నుంచి పంపించేసే దాకా కూడా పోవచ్చు. పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400 దరఖాస్తులో, మీరు ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నారా అని సూటిగానే అడుగుతారు. ఇప్పటికే అలాంటి టిక్ ఏదైనా పెట్టేసి ఉంటే ఫ్రెండ్స్‌ని అడగడం ఆపి, ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. ఇండియా నుంచి వచ్చి గ్రీన్‌కార్డు మీద ఉంటున్న అమ్మానాన్నల పేరు మీద ఉత్తరం వస్తే దగ్గర కూర్చుని మీరే నింపించండి. పెద్దవాళ్లు ఇంగ్లీషు ఫారం చూసి కంగారులో అన్నిటికీ అవును అని పెట్టేసే ప్రమాదం ఉంది.

పౌరులైతే ఏం చెయ్యాలి

ఉత్తరంలో కోర్టు పేరు చూడండి. రాష్ట్ర కోర్టు అయితే కౌంటీ పేరు, ఫెడరల్ కోర్టు అయితే డిస్ట్రిక్ట్ పేరు ఉంటుంది. ఫెడరల్ కోర్టుకి కావాల్సిన అర్హతలు చట్టంలోనే రాసి ఉన్నాయి: 18 ఏళ్లు నిండాలి, ఆ డిస్ట్రిక్ట్‌లో ఏడాదిగా ఉంటూ ఉండాలి, ఇంగ్లీషు మాట్లాడటం, ఫారం నింపగలిగేంత చదవడం, రాయడం రావాలి, ఏడాది పైన జైలుశిక్ష పడగల నేరం కేసు మీ మీద నడుస్తూ ఉండకూడదు. ప్రశ్నల ఫారం ఈమధ్య ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే నింపమంటున్నారు, ఉత్తరం మీద ఉన్న నంబరు కొట్టి లోపలికి వెళ్లొచ్చు.

ఆ తేదీకి కుదరకపోతే వాయిదా అడగండి. ఇండియా టికెట్లు కొనేసి ఉన్నా, ఆపరేషన్ ఉన్నా, పిల్లల పరీక్షలున్నా దాచాల్సిన పనిలేదు, టికెట్ కాపీ జతచేసి ఇంకో తేదీ కోరితే మొదటిసారి చాలా కోర్టులు ఇబ్బంది పెట్టవు. వాయిదా వేరు, పూర్తి మినహాయింపు వేరు. టెక్సస్‌లో అయితే కాలేజీలో చదువుతున్నవాళ్లు, చూసుకోవడానికి ఇంకెవరూ లేని 12 ఏళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్లు మినహాయింపు కోరవచ్చు. ఆఫీసులో డెడ్‌లైన్ ఉందన్నది మినహాయింపు కిందికి రాదు.

జవాబే ఇవ్వకుండా ఊరుకుంటే? ఫెడరల్ కోర్టులో 1,000 డాలర్ల దాకా జరిమానా, 3 రోజుల దాకా జైలు, సమాజసేవ, వీటిలో ఏదైనా వెయ్యొచ్చని చట్టం. మొదటి తప్పుకే లోపల వెయ్యడం మామూలుగా జరగదు గానీ, జడ్జి ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. "మీరు జ్యూరీ డ్యూటీకి రాలేదు, మీ మీద వారెంటు ఉంది, ఇప్పుడే డబ్బు కట్టకపోతే అరెస్టు" అని ఫోన్ వస్తే అది మోసం. కోర్టులు ఫోన్‌లో జరిమానా వసూలు చెయ్యవు, గిఫ్ట్ కార్డులూ బిట్‌కాయిన్లూ అడగవు. మనవాళ్లు పోలీసు మాట వింటే హడలిపోతారని ఆ దొంగలకి బాగా తెలుసు. ఫోన్ పెట్టేసి, కోర్టు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే చేసి అడగండి.

ఆఫీసులో చెప్పడానికి టెన్షన్ పడకండి

సమన్స్ వచ్చిన రోజే మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి కాపీ పంపండి. ఫెడరల్ కోర్టు జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగంలోంచి తీసెయ్యడం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు, టెక్సస్‌తో సహా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. కానీ ఆ రోజులకి జీతం ఇవ్వాలని చాలా రాష్ట్రాల్లో నిర్బంధం లేదు. పెద్ద కంపెనీలు ఇస్తాయి. గంటల లెక్కన కాంట్రాక్టు చేసేవాళ్లకి మాత్రం నిజంగానే దెబ్బ. కోర్టు ఇచ్చేది చాలా తక్కువ: ఫెడరల్‌లో రోజుకి 50 డాలర్లు, టెక్సస్‌లో మొదటి రోజు 20, తర్వాత రోజుకి 58, కాలిఫోర్నియాలో మామూలుగా మొదటి రోజుకి ఏమీ లేదు, రెండో రోజు నుంచి 15. రోజుకూలీ మీద బతికేవాళ్లు ఈ డబ్బుతో ఎలా రాగలరు? వాళ్లు రాలేకపోతే జ్యూరీలో జీతం నష్టపోనివాళ్లే మిగులుతారు. ఇది మారాలని నేను గట్టిగా నమ్ముతాను. మార్చాల్సింది రాష్ట్ర శాసనసభ్యులు కాబట్టి మీ ప్రతినిధికి ఉత్తరం రాస్తే ఈ విషయం కూడా రాయండి.

అసలు మనం ఎందుకు వెళ్లాలి

మనం జ్యూరీలు చూస్తూ పెరగలేదు. ఇండియాలో ఒకప్పుడు ఉండేవి. 1959లో బొంబాయిలో నేవీ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు ఆ శిక్షనే ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అందుకని మనకి తీర్పంటే జడ్జిగారిదే. అమెరికాలో అలా కాదు. నేరం కేసుల్లో జ్యూరీ విచారణ కోరే హక్కు రాజ్యాంగం మూడో అధికరణంలోనూ ఉంది, 1791లో వచ్చిన ఆరో సవరణలోనూ ఉంది. చట్టం ఏం చెప్తోందో జడ్జి చెప్తాడు, జరిగిందేమిటో జ్యూరీ తేలుస్తుంది.

ఆ కుర్చీ అందరికీ ఒకేసారి దక్కలేదు. టెక్సస్‌లో జాక్సన్ కౌంటీ అని ఉంది. పీట్ హెర్నాండెజ్ అనే మెక్సికన్ అమెరికన్ మీద హత్య కేసు నడిచినప్పుడు అతని లాయర్లు పాత రికార్డులు తిరగేస్తే, 25 ఏళ్లలో ఆ కౌంటీలో మెక్సికన్ పేరున్న ఒక్కరు కూడా జ్యూరీలో కూర్చున్న దాఖలా లేదు, అక్కడ అలాంటివాళ్లు బోలెడంత మంది ఉన్నా సరే. 1954లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా చెప్పింది. ఇక మన సంగతి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అదే సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం పొందే అర్హత లేదంది. అంతకుముందే పౌరసత్వం వచ్చినవాళ్లలో కొందరిది వెనక్కి లాక్కున్నారు కూడా. 1946లో కొత్త చట్టం వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. పౌరసత్వం లేకపోతే ఓటూ లేదు, జ్యూరీ కుర్చీ కూడా లేదు. అప్పట్లో ఇక్కడికి వచ్చిన పంజాబీ రైతులకి అందని కుర్చీ ఇవాళ మనకి ఉత్తరం రాసి మరీ పిలిచి ఇస్తుంటే, తప్పించుకునే ఉపాయాలు వెతకడం నాకు బాధగా ఉంటుంది.

పిలిచిన రోజు

ముందురోజు సాయంత్రం కోర్టు వెబ్‌సైట్ చూడండి లేదా ఫోన్ చెయ్యండి. చాలాచోట్ల మీ గ్రూపు నంబరు వాళ్లు రావక్కర్లేదని అప్పుడే చెప్పేస్తారు. రమ్మంటే పార్కింగ్‌కి అరగంట అదనంగా పెట్టుకోండి. పొట్టి లాగులు, చెప్పులు వద్దు. కోర్టు హాళ్లు బాగా చల్లగా ఉంటాయి, స్వెటర్ పట్టుకెళ్లండి. జేబులో చాకు, కత్తెర లాంటివి తీసెయ్యండి, కొన్ని ఫెడరల్ భవనాల్లో ఫోన్ కూడా లోపలికి రానివ్వరు. ఒక పుస్తకం, ఒక టిఫిన్ డబ్బా ఉంటే రోజు గడుస్తుంది.

గంటల తరబడి ఊరికే కూర్చోబెట్టి పంపేస్తే చిరాకు పడకండి. కింద జ్యూరీ సిద్ధంగా కూర్చుంది అనగానే రెండు పక్షాలూ అప్పటికప్పుడు రాజీకి వచ్చే కేసులు చాలా ఉంటాయి. మిమ్మల్ని పైకి పిలవకపోయినా, మీరు వచ్చి కూర్చోబట్టే ఆ కేసు తెగి ఉండొచ్చు.

పైకి పిలిస్తే ప్రశ్నలడుగుతారు. దీన్ని వ్వాదీర్ అంటారు, టెక్సస్‌లో వార్ డైర్ అని పలుకుతారు. మీ ఉద్యోగం, కుటుంబంలో పోలీసులున్నారా, మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా, తాగి నడిపేవాళ్ల గురించి మీ అభిప్రాయం ఏమిటి, ఇలాంటివి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ప్రమాణం చేసి చెప్తున్నారు. అందరి ముందూ చెప్పలేని విషయం అయితే జడ్జితో విడిగా మాట్లాడతానని అడగొచ్చు. "నాకు ఇంగ్లీషు రాదు" అని, పదిహేనేళ్లుగా ఇక్కడ మీటింగుల్లో మాట్లాడుతున్న మనిషి చెప్తే జడ్జికి అర్థం కాదా? మన యాస అనర్హత కాదు. నిజంగా ఒక మాట అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కొందర్ని జడ్జి కారణం చూసి తీసేస్తారు, కొందర్ని లాయర్లు కారణం చెప్పకుండానే తీసెయ్యొచ్చు, వాళ్లకి కొన్ని అవకాశాలు మాత్రమే ఉంటాయి. కానీ జాతి చూసి తీసెయ్యకూడదని 1986లో బాట్సన్ కేసులో, ఆడా మగా చూసి తీసెయ్యకూడదని 1994లో ఇంకో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిమ్మల్ని తీసేస్తే అవమానంగా తీసుకోకండి. ఈ కేసుకి సరిపోరు అనుకున్నారు, అంతే.

కేసు నడుస్తున్నప్పుడు

నేను ఎంపికైనది తాగి కారు నడిపాడన్న కేసు. టెక్సస్‌లో చిన్న నేరాలకి కౌంటీ కోర్టులో ఆరుగురే కూర్చుంటారు, పెద్ద నేరాలకి 12 మంది. మొదటి నిమిషంలోనే జడ్జి చెప్పిన నియమం: కేసు గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు, తోటి జ్యూరర్లతో కూడా, చివరి దాకా. అన్నిటికంటే కష్టమైంది ఇదే. రాత్రి భోజనం దగ్గర మా ఆయన అడిగారు, విజయవాడ నుంచి అమ్మ ఫోన్ చేసి "ఏం కేసమ్మా?" అని అడిగింది. అయిపోయాక చెప్తాను అనడం తప్ప దారి లేదు. గూగుల్‌లో నిందితుడి పేరు కొట్టకూడదు, జరిగిన చోటికి కారేసుకుని వెళ్లి చూడకూడదు, వాట్సాప్ స్టేటస్ పెట్టకూడదు. కోర్టు హాల్లో సాక్షి చెప్పినదాన్ని ఎదుటి లాయర్ ప్రశ్నించగలడు, మీ ఫోన్‌లో మీరు చదివినదాన్ని ఎవరూ ప్రశ్నించలేరు, అందుకే ఆ నియమం. ఒక్క జ్యూరర్ చేసిన సెర్చ్ వల్ల విచారణ మొత్తం మళ్లీ మొదటికి రావచ్చు.

తలుపు బయట వదలాల్సిన రెండు సామెతలు

అన్ని సాక్ష్యాలూ అయ్యాక జడ్జి చట్టాన్ని కాగితం మీద రాసి చదివి వినిపిస్తారు, తర్వాత మిమ్మల్ని ఒక గదిలోకి పంపి తలుపు వేస్తారు. ఇక్కడే మన ఇంట్లో విని పెరిగిన మాటలు రెండు అడ్డం వస్తాయి.

మొదటిది, నిప్పు లేనిదే పొగ రాదు. పోలీసులు ఊరికే పట్టుకుంటారా, ఏదో చేసే ఉంటాడు అని మనసు అంటుంది. చట్టం దీనికి పూర్తిగా ఎదురు: అరెస్టు సాక్ష్యం కాదు, కేసు పెట్టడం సాక్ష్యం కాదు. సహేతుకమైన సందేహానికి చోటు మిగలకుండా ప్రాసిక్యూటర్ నిరూపించాలి. సివిల్ కేసులో, అంటే డబ్బు, కాంట్రాక్టు, యాక్సిడెంటు గొడవల్లో, మామూలుగా త్రాసు ముల్లు కొంచెం ఇటు మొగ్గినా చాలు. క్రిమినల్ కేసులో అది చాలదు. చేసి ఉండొచ్చు అనిపిస్తే, బహుశా చేశాడేమో అనిపిస్తే, ఆ రెండిటికీ జవాబు నిర్దోషి అనే.

రెండోది, మౌనం అర్ధాంగీకారం. మా కేసులో నిందితుడు బోనెక్కలేదు. గదిలో కూర్చోగానే మాలో ఒకాయన, తప్పు చెయ్యకపోతే వచ్చి చెప్పుకోవచ్చు కదా అన్నాడు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నా మనసులోనూ అదే మాట తిరుగుతోంది. ఐదో సవరణ ప్రకారం తనకి వ్యతిరేకంగా తను సాక్ష్యం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. నోరు విప్పలేదు కాబట్టి దోషి అని జ్యూరీకి నూరిపోయడం కుదరదని 1965లో గ్రిఫిన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జడ్జి ఇచ్చిన కాగితంలో ఆ పేరా ఎక్కడుందో వెతికి బయటికే చదివాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, సరే, దాన్ని లెక్కలోంచి తీసేసి మిగిలినది చూద్దాం అన్నాడు. మిగిలినది ఒక వీడియో, ఒక ఆఫీసర్ మాట. వీడియో మళ్లీ చూడాలని చీటీ రాసి బెయిలిఫ్, అంటే కోర్టులో జ్యూరీని చూసుకునే ఉద్యోగి, చేతికిచ్చాం, మూడుసార్లు చూశాం. నిర్దోషి అని చెప్పాం.

గదిలో ఎలా నడుచుకోవాలో కొంచెం చెప్తాను. ముందు ఒకర్ని ఫోర్‌పర్సన్‌గా, అంటే జ్యూరీకి పెద్దగా, ఎన్నుకుంటారు. వెళ్లగానే చేతులెత్తించే ఓటింగ్ పెట్టకండి, ఒకసారి చెయ్యెత్తాక మనిషి పట్టుదలకి పోతాడు. ఒక్కొక్క సాక్షి దగ్గర ఆగి ఎవరికేం అనిపించిందో వినండి. మనవాళ్లలో మర్యాద పేరుతో ఊరుకోవడం ఎక్కువ, గట్టిగా మాట్లాడే ఇద్దరు గదిని నడిపించేస్తారు. మీకు పేరు పెట్టి పిలిచి అడిగేదాకా ఆగకండి.

నలుగురూ ఒకవైపు ఉండి మీరు ఒక్కరే రెండోవైపు ఉంటే? వాళ్ల వాదన విని నిజంగా మనసు మారితే మారండి, ఇంటికెళ్లాలన్న తొందరకి మాత్రం మారకండి. ఆ ఒక్కరి మాటకి ఎంత విలువో లూసియానాని చూస్తే తెలుస్తుంది. 1898లో అక్కడ రాసుకున్న రాజ్యాంగంలో ఏకగ్రీవం అక్కర్లేదని పెట్టారు, నల్లజాతి జ్యూరర్లు ఒకరో ఇద్దరో కూర్చున్నా వాళ్ల ఓటు లెక్కలోకి రాకుండా చెయ్యడానికి. ఆ పద్ధతి నూరేళ్లు దాటి నడిచింది. ఎవాంజెలిస్టో రామోస్ అనే అతనికి 10-2తో శిక్ష పడితే 2020లో సుప్రీంకోర్టు కొట్టేసి, తీవ్రమైన నేరాల్లో దోషి అనాలంటే జ్యూరీ అంతా ఒక్క మాట మీద ఉండాల్సిందే అంది. ఎంతకీ కుదరకపోతే జడ్జికి ఆ సంగతే రాసి పంపొచ్చు, దాన్ని హంగ్ జ్యూరీ అంటారు, అది మీ తప్పు కాదు.

మీకు వచ్చిన ఉత్తరంలో గ్రాండ్ జ్యూరీ అని ఉంటే పని వేరు. అక్కడ దోషా కాదా తేల్చరు, అభియోగం మోపడానికి తగినంత ఆధారం ఉందా లేదా అనే చూస్తారు. ఫెడరల్‌లో 16 నుంచి 23 మంది ఉంటారు, 12 మంది ఒప్పుకోవాలి, నెలల తరబడి కొన్ని కొన్ని రోజులు వెళ్లాల్సి రావచ్చు. ఆఫీసులో ముందే మాట్లాడుకోండి.

తీర్పు చదివాక జడ్జి థాంక్స్ చెప్పి వదిలేస్తారు. బయట లాయర్లు ఎదురుచూస్తూ మీరెందుకలా అనుకున్నారని అడగొచ్చు, ఇష్టమైతే మాట్లాడండి, లేకపోతే వద్దని చెప్పి వెళ్లిపోవచ్చు, కొన్ని కోర్టుల్లో వాళ్లు అడగడానికే అనుమతి ఉండదు. వెళ్లేముందు కౌంటర్‌లో హాజరు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఎన్ని రోజులు వచ్చారో తేదీలతో సహా ఉందో లేదో అక్కడే చూసుకోండి. మర్నాడు హెచ్‌ఆర్ అడిగేది అదే.